మాట యాడ తెగింది? పక్షవాతం, తలగాయాల తర్వాత మాట చెడిపోవడం గురించి

(కావలిలో పక్షవాత రోగుల కుటుంబాలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంల కోసం జరిగిన అవగాహన సదస్సులో ఒక స్పీచ్ థెరపిస్ట్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చున్నచోటే ఒక చెయ్యి గొంతుమీద పెట్టుకుని మూడు మాటలు మెల్లగా అనండి. పాట. బాట. మాట.

మూడింటికీ పెదాలు మూసి తెరిచారు, అంతవరకూ ఒకటే పని. ‘పా’కి పెదాలు మూసి ఉన్నంతసేపు గొంతులో స్వరతంత్రులు ఊరుకుంటాయి. ‘బా’కి అప్పటికే అదురుతుంటాయి, చేతికి తెలుస్తుంది. ‘మా’కి గొంతు అదరడమే కాదు, కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి కిందికి దిగి గాలి ముక్కులోకి పోతుంది. ‘పా’, ‘బా’ అనాలంటే ఆ అంగిలి పైకి లేచి ముక్కుదారి మూసేయాలి. పైకి లేవలేదనుకోండి, ఆ మనిషి ‘బాట’ అన్నా మనకు ‘మాట’ అనే వినపడుతుంది. స్వరతంత్రులు సమయానికి ఆగకపోతే ‘పాట’ కాస్తా ‘బాట’ అవుతుంది. పెదాలు గట్టిగా మూతపడకపోతే గాలి పక్కనుంచి పోయి మూడూ ఒకే ముద్దగా వస్తాయి. వీటన్నిటికీ కింద ఛాతీ నుంచి గాలి నిలకడగా రావాలి. ఇదంతా సెకనులో ఐదో వంతు కూడా పట్టని పని.

ఇంట్లో ఎవరికన్నా మాట చెడినప్పుడు ‘నోరు పడిపోయింది’ అంటారు మనవాళ్ళు. నోరు ఒక్కటే పడిపోదండీ. ఈ గొలుసులో ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా మొదలుపెట్టిన చికిత్సలో సగం వృథా పోతుంది. ఇయ్యాళ నేను చెప్పదలచుకున్నది అదే.

ఆజ్ఞ పోయే దారి చూద్దాం. మెదడు పైపొరలో మోటార్ కార్టెక్స్ అనే పట్టీ ఉంటుంది. ముఖానికి, నాలుకకు, గొంతుకు ఆజ్ఞలు అక్కడ మొదలవుతాయి. ఆ పోగులన్నీ లోపల ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు సందులోంచి దిగి, మెదడు కాండంలో పాన్స్, మెడుల్లా అనే చోట్లకు చేరతాయి. అక్కడి నుంచి నరాలు బయల్దేరతాయి, వాటిని నంబర్లతో పిలుస్తాం. దవడకు 5వ నరం, పెదాలకు, బుగ్గలకు 7వది, అంగిలికి, స్వరతంత్రులకు 10వది, నాలుకకు 12వది. ఊపిరి కండరానికి మెడలోంచి వేరే నరం ఉంది. వెనక ఉండే చిన్నమెదడు ఏ కండరం ఎప్పుడు, ఎంత బలంగా కదలాలో సరిదిద్దుతుంటుంది. ఇంటర్నల్ క్యాప్సూల్ చాలా ఇరుకు. బీపీ, షుగరు ఏళ్ళ తరబడి అదుపులో లేక అక్కడి సన్నటి రక్తనాళం మూసుకుపోతే, స్కాన్‌లో మచ్చ శనగగింజంతే కనపడుతుంది. అయినా చెయ్యి, కాలు, మాట మూడూ దెబ్బతింటాయి.

ఇక్కడ మీకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. గొంతు, అంగిలి, దవడ, నుదురు, వీటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. రెండు ట్రాన్స్‌ఫార్మర్ల లైనున్న ఇల్లనుకోండి, ఒకటి కాలిపోయినా దీపాలు ఆరిపోవు. ముఖం కింది భాగానికీ, నాలుకకూ మాత్రం ఎక్కువగా ఎదుటివైపు మెదడే దిక్కు. అందుకే ఒక వైపు స్ట్రోక్ వచ్చినప్పుడు మూతి ఒక పక్కకు వంగుతుంది, నాలుక చాపితే బలహీనమైన వైపుకు తిరుగుతుంది, మాట కొంచెం ముద్దగా వస్తుంది. ఇట్టాంటి మాట చాలామందిలో కొన్ని వారాల్లో బాగానే తేరుకుంటుంది.

కష్టం రెండో స్ట్రోక్‌తో వస్తుంది. మొదటిది కుడివైపు వచ్చి తగ్గిపోయింది, ‘బాగయింది కదా’ అని బీపీ బిళ్ళ ఆపేశారు. రెండేళ్ళకు ఎడమవైపు వచ్చింది. ఈసారి రెండు లైన్లూ పోయినట్టే. కండరాలు బిగుసుకుపోతాయి. గొంతు పిసుకుతున్నట్టు బిగదీసి వస్తుంది, మాట బాగా నిదానం, మింగడం కష్టం. దీన్ని స్పాస్టిక్ డిసార్థ్రియా, అంటే కండరాల బిగువువల్ల మాట చెడడం, అంటాం. వీళ్ళలో ఇంకోటి చూస్తారు. పలకరిస్తే చాలు భోరున ఏడుస్తారు, లేదా చావు కబురు వింటూ నవ్వుతారు. ఇంట్లోవాళ్ళు దిగులనో పిచ్చనో అనుకుంటారు. నవ్వును, ఏడుపును అదుపుచేసే పోగులు కూడా దెబ్బతినడం వల్ల వచ్చేది ఇది. లోపల ఆ భావం అంత ఉండకపోవచ్చు. మందులున్నాయి, న్యూరాలజీ డాక్టర్‌ని అడగండి. అప్పటిదాకా ఆ ఏడుపును పట్టించుకోకుండా వేరే మాట ఎత్తండి, ‘ఎందుకేడుస్తుండావు’ అని గుచ్చిగుచ్చి అడగబాకండి, ఇంకా పెరుగుతుంది.

మెదడు కాండంలో స్ట్రోక్ వస్తే తీరు వేరు. అక్కడ దెబ్బ నరం మొదలుకే తగిలితే కండరం బిగుసుకోదు, వదులైపోతుంది. మెడుల్లా పక్కభాగంలో రక్తం ఆగితే ఒకవైపు స్వరతంత్రి కదలదు. గొంతు బొంగురుపోయి గాలిగాలిగా వస్తుంది, అంగిలి ఒకవైపు వాలిపోతుంది, మింగితే పొరపోతుంది, తల తిరుగుతుంది. చెయ్యి, కాలు బలం మాత్రం పోదు! అందుకే ‘పక్షవాతం కాదులే, పైత్యం’ అని రెండు రోజులు ఇంట్లో పెట్టుకుంటారు. పాన్స్ ముందుభాగం మొత్తం పోతే మనిషి పూర్తి స్పృహతో ఉండి కూడా కళ్ళు పైకీ కిందికీ తిప్పడం, రెప్ప వేయడం తప్ప ఇంకేమీ చేయలేడు. అట్టాంటి మనిషి మంచం పక్కన నిలబడి ఏం మాట్లాడుతున్నారో జాగ్రత్త.

అంగిలి లేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న అద్దం చాలు. ముక్కు కింద పట్టుకుని ‘పాపా పాపా పాపా’ అనిపించండి. అద్దం మీద ఆవిరి పడితే ముక్కులోంచి గాలి పోతోందని అర్థం. ‘పాప’లో ముక్కు అక్షరం లేదు కాబట్టి ఆవిరి పడకూడదు. ముక్కు మూసి అనిపిస్తే మాట ఉన్నట్టుండి తేటపడిందంటే, లోపం అంగిలిదే.

చిన్నమెదడు దెబ్బతింటే బలం ఉంటుంది, లెక్క తప్పుతుంది. ఒక అక్షరం పెద్దగా, ఒకటి చిన్నగా, మధ్యలో అక్కర్లేని సాగదీత. నడక కూడా తూలుతుంది. ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు, ‘పొద్దున్నే ఏసుకొచ్చాడు’ అంటారు. బస్సు ఎక్కనివ్వరు, పోలీసులు ఊదమంటారు. దీనికి మందు లేదుగానీ ఉపాయం ఉంది, ఆఖర్లో చెప్తా.

మాట తీరు విని మెదడులో చోటు చెప్పవచ్చునని గట్టిగా నిలబెట్టినవాళ్ళు అమెరికా మేయో క్లినిక్‌లో డార్లీ, ఆరన్సన్, బ్రౌన్. 1969లో 212 మంది రోగుల మాటను 38 లక్షణాల కింద విని విడదీశారు. స్పాస్టిక్, వదులు, చిన్నమెదడు, పార్కిన్సన్ (వణుకు జబ్బు) రకాలంటూ మేం ఈరోజుకీ వాడేది ఆ పట్టికే. ఎంఆర్‌ఐ ఇంకా పుట్టని కాలమది. చెవితోనే పట్టుకున్నారు.

తలగాయాల సంగతికి వద్దాం. మన జిల్లా నడుమ 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. బైకు మీంచి పడ్డప్పుడు దెబ్బ తగిలిన చోటే కాదు, మెదడు ఊగి ఎదురుగోడకు కొట్టుకుంటుంది. గిర్రున తిరిగే ఊపుకి లోపలి నరాల పోగులు సాగి తెగుతాయి. దీనివల్ల మామూలు సీటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ కనపడకపోయినా మనిషి వారాల తరబడి మాట్లాడకపోవచ్చు. స్ట్రోక్ ఒక రక్తనాళం పారే మేర చెడిపితే, తలగాయం నాలుగుచోట్ల చిల్లులు పెడుతుంది. అందుకే వీళ్ళ మాటలో రకాలు కలిసిపోయి ఉంటాయి, కొంత బిగుతు, కొంత తూలుడు. పైగా ముందుభాగం మెదడు దెబ్బతిని ఉంటే తన మాట ఎదుటివాళ్ళకు అర్థం కావడంలేదనే సంగతే బైకు మీంచి పడ్డ ఆ పిల్లాడికి తెలియదు. చెప్తే కోప్పడతాడు. అట్టాంటప్పుడు వాదించకుండా ఫోన్‌లో రికార్డ్ చేసి వాడిదే వాడికి వినిపించాలి.

తలగాయం కేసుల్లో ఇంకొకటి తరచుగా తప్పిపోతుంది. ఐసీయూలో గొంతులో పైపు వేసి వెంటిలేటర్ మీద పెడతారు. ఆ పైపు రాపిడికి స్వరతంత్రులు దెబ్బతినవచ్చు. గొంతు గుసగుసగానే మిగిలితే మెదడు మీదికి నెట్టేయకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర సన్నటి కెమెరాతో గొంతు చూపించాలి.

ఆ పైపు దెబ్బ తప్ప ఇప్పటిదాకా చెప్పిన మాట లోపాలన్నీ డిసార్థ్రియా, అంటే ఆజ్ఞ సరిగానే పుట్టింది, దారిలోనో కండరంలోనో చెడింది. అప్రాక్సియా అనేది ఇంకో రకం. ఇందులో కండరానికి బలం ఉంది. కానీ ‘ఏ కదలిక తర్వాత ఏది’ అనే పథకమే కుదరదు. ఇది దాదాపు ఎప్పుడూ ఎడమవైపు మెదడు ముందుభాగపు దెబ్బవల్ల వస్తుంది. ఆ మనిషిని చూస్తే తెలిసిపోతుంది. ‘కొబ్బరికాయ’ అనబోతాడు. పెదాలు తడుముకుంటాయి, నాలుక వెతుక్కుంటుంది. ఒకసారి ‘తొబ్బరి’, ఇంకోసారి ‘కొగ్గరి’, మూడోసారి సరిగా వస్తుంది, నాలుగోసారి మళ్ళీ రాదు. తప్పని తనకే తెలుసు, తల కొట్టుకుంటాడు. అదే మనిషి ఒకటి, రెండు, మూడు అని పదిదాకా గడగడా చెప్పేస్తాడు, కోపమొస్తే తిట్టు స్పష్టంగా వస్తుంది. ‘తిట్టేదానికొచ్చే నోరు అన్నం అడిగేదానికి రాదా’ అని ఇంట్లోవాళ్ళు నిష్టూరమాడతారు. అలవాటుగా వచ్చే మాటకు కొత్తగా పథకం కట్టాల్సిన పనిలేదు, అదీ తేడా.

డిసార్థ్రియాలో తప్పు దాదాపు ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటుంది. అప్రాక్సియాలో మారుతుంటుంది, మాట పొడుగయ్యేకొద్దీ పెరుగుతుంది. ‘పపపప’ అని వేగంగా అనిపించండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు సెకనుకు 5 నుంచి 7 సార్లు అంటారు. తర్వాత ‘పతక పతక పతక’ అనిపించండి. బిగుసుకున్న కండరం రెండింటినీ నిదానంగా, సమంగా అంటుంది. చిన్నమెదడు మనిషికి తాళం తప్పుతుంది. అప్రాక్సియా మనిషి ‘పపప’ బాగానే అని, ‘పతక’ దగ్గర ‘పకత, తపక’ అంటూ చెదిరిపోతాడు.

మూడోది అఫేసియా. అది భాషకే వచ్చిన దెబ్బ. చదవడం, రాయడం, ఎదుటివాళ్ళ మాట అర్థం చేసుకోవడం, అన్నిట్లో ఎంతోకొంత లోపం ఉంటుంది. చదువొచ్చిన మనిషి నోటితో చెప్పలేనిదాన్ని కాగితం మీద తప్పుల్లేకుండా రాశాడంటే భాష చెడలేదు. చదువు రానివాళ్ళయితే గ్లాసు, తాళంచెవి, దువ్వెన ముందు పెట్టి, మాటతోనే, సైగ చేయకుండా, ‘దువ్వెన తీసి గ్లాసులో పెట్టు’ అనండి. అప్రాక్సియా తరచుగా అఫేసియాతో కలిసే వస్తుంది, కాబట్టి ఇంట్లో చేసే పరీక్ష అనుమానం దాకానే, తేల్చాల్సింది మేం.

ఆశా అమ్మాయిలు ఇది గట్టిగా పట్టుకోండి. ఉన్నట్టుండి మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, చెయ్యి వాలిపోవడం, ఏ ఒక్కటి కనపడినా 108. చివరిసారి మనిషి మామూలుగా ఉన్న టైము రాసుకోండి. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఆ టైము నుంచి లెక్క, 4.5 గంటలు. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. అందులో సగం టైము రోడ్డుమీదే పోతుంది, కాబట్టి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి. నాలుక కింద బీపీ బిళ్ళ పెట్టబాకండి, బీపీ ఒక్కసారిగా పడితే మిగిలిన మెదడుకూ రక్తం అందదు. ఆస్పిరిన్ ఇవ్వబాకండి, లోపల రక్తస్రావమైతే ప్రాణం మీదికొస్తుంది, అది స్కాన్ చూస్తేగానీ తెలియదు. నీళ్ళు కూడా వద్దు. గ్లూకోమీటర్ ఉంటే షుగరు చూడండి, బాగా పడిపోయినా మాట ఇట్టాగే తడబడుతుంది. పది నిమిషాల్లో దానంతటదే తగ్గిపోయినా సరే ఆగబాకండి, పెద్దది రాబోతోందని చెప్పే గుర్తు అది.

మాట చెడిన కండరాలే మింగడానికీ పనిచేస్తాయి. మింగుడు పరీక్ష కాకుండా నోటికి ఏదీ పెట్టకూడదు. మన ఇళ్ళల్లో జబ్బుమనిషికి మెత్తగా ఉంటుందని మజ్జిగన్నం పెడతారు. మింగలేనివాళ్ళకు చాలా ప్రమాదమైన తిండి అది. పల్చటి మజ్జిగ మెతుకుల కంటే ముందే జారి ఊపిరితిత్తుల దారి పడుతుంది, మెతుకులు వెనకే వస్తాయి. సాంబారులో తేలే ఇడ్లీ, పులుసు పోసిన అన్నం కూడా అంతే. ఒకే చిక్కదనం ఉండేవి ఇవ్వండి. చిక్కటి రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం, గడ్డపెరుగు. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, టీస్పూనుతో, అంటే 5 మిల్లీలీటర్లు, బలమున్న వైపు పెట్టండి. మింగాడని చూశాకే ఇంకో స్పూను. తిన్నాక 30 నిమిషాలు పడుకోబెట్టబాకండి. బుగ్గలో మిగిలింది వేలికి గుడ్డ చుట్టి తీసేయండి. రోజుకు రెండుసార్లు పళ్ళు, నాలుక శుభ్రం చేయాలి. నోట్లో క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. తిన్న తర్వాత గొంతులో గరగరమంటూ తడిగా వినపడితే దగ్గు లేకపోయినా లోపలికి పోతున్నట్టే అనుకోండి, కొందరికి దగ్గే రాదు.

ఇక చికిత్స. కొవ్వొత్తి ఊదించడం, ఈల ఊదించడం, బుగ్గలు పూరించడం, నాలుక అటూఇటూ తిప్పించడం, వీటికి ఇళ్ళల్లో గంటలు గంటలు పోతున్నాయి. ఊదే పనికీ మాట్లాడే పనికీ మెదడు ఇచ్చే ఆజ్ఞ వేరు. ఊదడం బాగా నేర్చుకున్న మనిషి ఊదడంలోనే బాగుపడతాడు. మాట రావాలంటే మాటే సాధన చేయాలి. ఇందులో నాకు మొహమాటం లేదు.

డిసార్థ్రియాకు మొదటి మందు వేగం తగ్గించడం. నిటారుగా కూర్చుని, ఊపిరి తీసుకుని, ఒక ఊపిరికి మూడు నాలుగు మాటలే. ప్రతి మాటకూ ఒక వేలు తొడమీద తట్టాలి. మాట చివరి అక్షరాలు మింగేయకుండా కొంచెం అతిగా పలకాలి. అట్టా అంటే నాటకం వేసినట్టుందని సిగ్గుపడతారు, ఎదుటివాళ్ళకు మాత్రం మామూలుగానే వినపడుతుంది. ఇంకో పనిముట్టు అక్షరాల పలక. అట్టముక్క మీద అచ్చులు, తర్వాత క గ చ జ ట డ త ద న ప బ మ య ర ల వ స హ పెద్దగా రాయండి. ఒత్తులు, గుణింతాలు అక్కర్లేదు. ప్రతి మాటకూ మొదటి అక్షరం మీద వేలుపెట్టి, తర్వాత మాట పలకాలి. వేలు పెట్టడానికి టైము పడుతుంది కాబట్టి వేగం దానంతటదే తగ్గుతుంది, వినేవాళ్ళకు సగం మాట ముందే తెలిసిపోతుంది. కింద ఒక వరసలో అవును, కాదు, నొప్పి, నీళ్ళు, బాత్రూం, మళ్ళీ మొదటినుంచి చెప్తా అని రాసిపెట్టండి. చదువు రానివాళ్ళకు ఫోన్‌లో ఫోటోలు. అంగిలి ఒక్కటే బలహీనమైతే, దాన్ని పైకెత్తి పట్టే పళ్ళసెట్టు లాంటి పరికరాన్ని డెంటల్ కాలేజీలో కట్టుడు పళ్ళు చేసే ప్రోస్తోడాంటిక్స్ విభాగంలో చేయించుకోవచ్చు.

అప్రాక్సియాకు దారి వేరు. కొద్ది మాటలు, ఎక్కువసార్లు. ఐదు మాటలు ఎంచుకోండి, ఆ మనిషికి రోజూ పనికొచ్చేవి. పెదాల మీద కనపడేవాటితో మొదలుపెట్టండి, అమ్మ, బావ, పాప, మామ. ఎదురుగా కూర్చుని ముందు మీరనండి, ముఖం చూడమనండి. తర్వాత ఇద్దరూ కలిసి. తర్వాత మీరు పెదాలు మాత్రమే కదిపి, శబ్దం ఆయనది. చివరికి ఒక్కరే. అక్షరానికొక దెబ్బ చొప్పున ఎడమచేత్తో తాళం వేయిస్తే చాలామందికి ఆసరా అవుతుంది. 15, 20 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కూర్చోండి. వారానికోసారి గంటన్నర కూర్చుంటే అలుపే మిగులుతుంది. తప్పొస్తే ‘కాదు, సరిగ్గా అను’ అని అరవబాకండి, ఇంకోసారి మీరే అని చూపించండి.

(సభ నుంచి ఒక మహిళ: మేడం, మా నాయనకి రోజూ తెల్లవారుజామున వసకొమ్ము అరగదీసి తేనెతో నాలిక్కి రుద్దుతుండాం. మా మామ పావురం రక్తం పూయమంటుండాడు. చేయొచ్చునా?)

వద్దమ్మా. నాలుక చర్మానికి ఏ జబ్బూ లేదు, దెబ్బ తగిలింది మెదడులో. రుద్దితే నోట్లో నీరూరుతుంది, మింగలేని మనిషికి ఆ నీరు, తేనె కలిసి గొంతులోకి జారతాయి. పావురం రక్తం పూసినందువల్ల నరం బాగుపడదు, రక్తంతో వచ్చే క్రిములు అదనం. ఆ తెల్లవారుజాము టైమును మాట సాధనకు పెట్టండి, మీ నాయన నిద్రలేచి చురుగ్గా ఉండేది అప్పుడే.

(ఇంకొకరు: ఆరు నెలలు దాటితే ఇంక మాట రాదంటుండారు, నిజమేనా?)

మొదటి మూడు నెలల్లో వేగంగా తేరుకుంటారు, ఆరు నెలల దాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత నిదానిస్తుంది. ఆగిపోదు. ఏడాది దాటినవాళ్ళకూ సాధనతో మాట మెరుగుపడుతుంది. థెరపిస్ట్ దగ్గరికి పోయేముందు ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు. లోపం శాశ్వతంగా మిగిలితే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యం కూడా ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో అడగండి.

(ఒక యువకుడు: మా అన్నకి బైకు యాక్సిడెంట్. ఫోన్‌లో ఒక్క మాట అర్థం కాదు, రోడ్డుమీద అందరూ తాగాడంటారు.)

ఇందాక చెప్తానన్న ఉపాయం ఇదే. మామూలు కాల్ వద్దు, వీడియో కాల్ చేయించండి, పెదాలు కనపడితే సగం ఇబ్బంది పోతుంది. ఏ విషయం గురించో మొదటి మాటలో చెప్పేయమనండి, ‘డబ్బులు’ అనో ‘బస్సు’ అనో. అర్థం కాకపోతే తలూపబాకండి, ‘బస్సు దాకా అర్థమైంది, ఎన్ని గంటలకు?’ అని అర్థంకాని ముక్కే అడగండి, మొత్తం మళ్ళీ చెప్పించబాకండి. సాయంత్రానికి అలసిపోయి మాట చెడుతుంది, ముఖ్యమైన పనులు పొద్దునే పెట్టుకోండి. జేబులో ఒక కార్డు ఉంచండి, తెలుగులో పెద్ద అక్షరాలతో: ‘నాకు తలగాయమైంది. అందుకే మాట, నడక తూలతాయి. నేను తాగలేదు. మీరు చెప్పేది నాకు అర్థమవుతుంది, నిదానంగా వినండి.’ వెనకాల మీ ఫోన్ నంబరు, డాక్టర్ చీటీ జిరాక్స్ అతికించండి. అదే మాట మీ గొంతుతో ఆయన ఫోన్‌లో రికార్డ్ చేసి, తెరవగానే ముందు కనపడేచోట పెట్టండి. ఫోన్ తీసి ఆ బటన్ నొక్కడం కూడా రోజూ ఇంట్లో పదిసార్లు చేయించండి. రోడ్డుమీద కంగారులో చెయ్యి తడబడకుండా ఉంటుంది.